అడుగున ఆసరా లేని గుమ్మటం

తాపీమేస్త్రీలు కమాను కట్టడం మీరు చూసే ఉంటారు. ముందు కింద కర్రలతో సెంటరింగు బిగిస్తారు. దానిమీద ఇటుకలు పేర్చి, సున్నమో సిమెంటో గట్టిపడ్డాక కర్రలు ఊడదీస్తారు. ఆ కర్రలే లేకపోతే? ఇటుకలు జారి మేస్త్రీ నెత్తినే పడతాయి.

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరవాసులకు సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. 1296లో వాళ్ళు సాంతా మారియా దెల్ ఫియోరె అనే పెద్ద చర్చి మొదలుపెట్టారు. నూరేళ్ళు దాటాక గోడలు లేచాయి గాని, ఒకచోట ఎనిమిది మూలల ఖాళీ ఆకాశానికి తెరుచుకుని ఉండిపోయింది. వెడల్పు సుమారు 45 మీటర్లు. నేలనుంచి ఎత్తు 50 మీటర్ల పైమాటే. అక్కడ సెంటరింగు నిలపాలంటే ఒక అడవినే నరకాలి. పైకప్పు ఎలా వేయాలో తెలియకుండానే గోడలు లేపారన్నమాట! దీన్ని ధైర్యమనాలో, తెగింపనాలో మీరే చెప్పండి.

1418లో పోటీ ప్రకటించారు. ఫిలిప్పో బ్రూనెల్లెస్కి ముందుకు వచ్చాడు. ఆయన నేర్చిన వృత్తి కంసాలిపని. అడుగున ఆసరా లేకుండానే గుమ్మటం కడతానన్నాడు.

అదెలాగో తెలియాలంటే రాతితో కట్టిన పాత బావిని గుర్తుచేసుకోండి. చుట్టూ ఉన్న మట్టి లోపలికి నెడుతున్నా దాని ఒర కూలదు. ప్రతి రాయీ పక్కరాయిని ఒత్తుతుంది. వలయం పూర్తి అయింది కనుక ఏ రాయికీ లోపలికి జారే చోటు లేదు. గుమ్మటంలో ప్రతి వరసా అలాంటి వలయమే. ఎనిమిది పలకల గుమ్మటంలో వలయమేమిటని అడుగుతారేమో. గోడ చాలా మందం. ఆ మందంలోనే గుండ్రని వలయం ఇమిడిపోతుంది. పూర్తయిన వరస తన్ను తానే మోసుకుంటుంది, పై వరసకు పీఠమవుతుంది.

మరి వరస పూర్తయ్యేదాకా? పైకి పోయేకొద్దీ వరసలు లోపలికి బాగా వాలతాయి. తడి సున్నంమీది ఇటుక జారక మానదు. అందుకని ఆయన అక్కడక్కడా ఇటుకలను నిలువుగా పెట్టించాడు. అవి కింది వరసలో నాటుకుని పై వరసలోకి పొడుచుకు వస్తాయి. వాటి మధ్య పడుకోబెట్టిన ఇటుకలు కదలకుండా బిగిసిపోతాయి. ఈ అల్లిక చూడడానికి చేపముల్లులా ఉంటుంది.

ఇంకొక ప్రమాదం ఉంది. పైబరువుకు గుమ్మటం అడుగుభాగం బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. బండిచక్రానికి ఇనుపపట్టా వేసినట్టు, ఇసుకరాతి దిమ్మెలను ఇనుముతో కలిపి, గోడలోపల చుట్టూ గొలుసుల్లా బిగించాడు. బరువు తగ్గడానికి గుమ్మటాన్ని రెండు పొరలుగా కట్టాడు. పొరల మధ్యనుంచే నేడు సందర్శకులు పైకెక్కుతారు; మొత్తం 463 మెట్లు.

సామాను పైకి చేర్చే యంత్రాన్ని ఎద్దులు తిప్పేవి, గానుగ తిప్పినట్టు. బరువును దించేటప్పుడు ఎద్దులను విప్పి ఎదురు తిప్పక్కరలేదు. పళ్ళచక్రం మారిస్తే చాలు. నాకైతే గుమ్మటంకన్నా ఇదే ముచ్చటగా తోస్తుంది!

1420లో మొదలైన గుమ్మటం 1436కి ముగిసింది. 1572-79 మధ్య దాని లోపలివైపు వర్ణచిత్రాలు వేశారు. ఆ చిత్రాలను చీల్చుకుంటూ పోయే నిలువు పగుళ్ళు నేడూ కనిపిస్తాయి. గొలుసులు వేసినా గుమ్మటం కొంత విచ్చుకుందన్నమాట. పగుళ్ళమీద అమర్చిన పరికరాలు వాటి కదలికను కొలుస్తున్నాయి. ఎండకూ చలికీ అవి రవంత విప్పుకుంటూ, మూసుకుంటూ ఉంటాయి.