ఎంపీసీనా, హెచ్‌ఈసీనా: చెల్లికి ఏం చెప్పాలి?

మా చెల్లి ఈసారి టెన్త్. దానికి హిస్టరీ అంటే పిచ్చి. ఇంటర్లో హెచ్‌ఈసీ తీసుకుంటానని పట్టుబట్టింది. నాన్న నాకు ఫోన్ చేసి, "నువ్వు సీఎస్‌ఈ చదువుతున్నావు కదమ్మా, నువ్వైనా దానికి చెప్పు" అన్నారు. చెబుదామని కూర్చుంటే నాకే సగం విషయాలు తెలియవని అర్థమైంది. తర్వాత తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో టెన్త్ చదివే తమ్ముళ్ళో చెల్లెళ్ళో ఉంటే మీకూ పనికొస్తాయి.

1. అసలు నిర్ణయం ఎప్పుడు జరుగుతుంది?

ఇంజినీరింగా, ఆర్ట్సా అన్నది ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో తేలుతుందని అనుకుంటాం. కాదు. టెన్త్ అయిపోయిన వేసవిలో, 15 ఏళ్ళ వయసులో, ఇంటర్ అప్లికేషన్ మీద గ్రూపు రాసినప్పుడే చాలావరకు తేలిపోతుంది.

2. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది?

ఎంపీసీ చదివినవాళ్ళు బీటెక్‌తో పాటు బీఏకి, ఐదేళ్ళ లా కోర్సుకి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హిస్టరీ, ఎకనామిక్స్ లాంటి ఐదేళ్ళ ఎంఏలకి కూడా అప్లై చేయొచ్చు. హెచ్‌ఈసీ చదివినవాళ్ళు బీటెక్‌కి రాలేరు. కాబట్టి "ముందు ఎంపీసీ తీసుకో, తర్వాత చూద్దాం" అని పెద్దవాళ్ళు అనడం ఉత్త భయం కాదు. అందులో ఒక లెక్క ఉంది.

3. ఆ లెక్క ఎక్కడ తప్పుతుంది?

తలుపు తెరిచే ఉంటుంది, మనమే అటు వెళ్ళం. రెండేళ్ళు పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్స్ దాకా మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివాక వేరేది ఆలోచించే ఓపిక ఉండదు. నా సంగతే చూడండి. మార్కులు బాగా వస్తాయని అందరిలాగే సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకున్నాను. ఇంగ్లిష్ మీడియంలో నాకు మిగిలిన ఒకే ఒక్క తెలుగు పీరియడ్ అలా పోయింది. అప్పుడు అది పోయిందని కూడా అనిపించలేదు.

4. ఇవి అంత వేరువేరు చదువులా?

మొన్న మన క్లబ్బులో ఛందస్సు చెప్పారు. లఘువుకి 0, గురువుకి 1 అనుకోండి. మూడేసి అక్షరాలకి 8 రకాలు వస్తాయి, అవే 8 గణాలు. "యమాతారాజభానసలగం" అన్న మాటలో ఒక్కో అక్షరం జరుపుతూ మూడేసి తీసుకుంటే యమాతా 011 (యగణం), మాతారా 111 (మగణం)... ఇలా ఎనిమిదీ వరసగా వస్తాయి. మనం ల్యాబ్‌లో రాసే స్లైడింగ్ విండోనే! ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్‌నీ భాషాశాస్త్రాన్నీ కలిపి చదివే డ్యూయల్ డిగ్రీ ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఇంటర్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

చివరికి చెల్లికి ఇదంతా చెప్పాను, బీటెక్ తలుపు మూసుకుపోతుందన్న సంగతితో సహా. అది విని, "అక్కా, మళ్ళీ ఛాన్స్ వస్తే నువ్వేం తీసుకుంటావ్?" అంది.

"ఎంపీసీనే. కోడ్ రన్ అయితే నాకు నిజంగా సంతోషం. కానీ తెలుగు వదిలేదాన్ని కాదు."

"నాకు హిస్టరీ చదువుతుంటే అలా ఉంటుంది" అంది.

నాన్నకి అదే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫ్రెండ్స్, మీకు తెలిసినవాళ్ళలో హెచ్‌ఈసీ చదివి ఇప్పుడు డిగ్రీలోనో ఎంఏలోనో ఉన్నవాళ్ళుంటే నాకు చెప్పండి. చెల్లి మాట్లాడాలంటోంది. నాన్న కూడా.