నీ కార్డు మీది మాట

మదనపల్లె

చి॥ ప్రణతికి,

కంపెనీ రిజిస్ట్రేషన్ అయిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన విజిటింగ్ కార్డు నమూనా చూశాను. ఇంగ్లీషు వైపు ‘ఫౌండర్ అండ్ ఆంత్రప్రెన్యూర్’ అని ఉంది, తెలుగు వైపు ఖాళీ. అక్కడ ఏం వేయించాలని అడిగావు. ఆ రెండో మాట ఎక్కడ పుట్టిందో, ఎవరెవరిని అలా పిలిచారో తెలిస్తే ఏం వేయించాలో నీకే తోస్తుంది. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

అది ఫ్రెంచి మాట. ‘పూనుకోవడం’ అనే క్రియ నుంచి వచ్చింది. విడదీస్తే ‘మధ్య’, ‘పట్టుకోవడం’ అని రెండు ముక్కలు వస్తాయి. అది చూసి ఎవరైనా దళారీ అని అర్థం చెబితే నమ్మకు. వాడుకలో దానికి పనిని నెత్తికెత్తుకున్నవాడనే అర్థం. పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో రాజుగారి కోటలూ వంతెనలూ కట్టే గుత్తేదారును అలా పిలిచేవాళ్లు. చేతికొచ్చే డబ్బు ఒప్పందంలోనే ఖరారు. రాయికీ కూలికీ ఎంతవుతుందో మాత్రం పని ముగిసేదాకా తెలియదు. మిగిలితే లాభం, లేకుంటే చేతి చమురు.

ఆ మాటను అర్థశాస్త్రంలో నిలబెట్టింది రిచర్డ్ కాంటిలాన్. ఐర్లండులో పుట్టి, పారిస్‌లో బ్యాంకు నడిపి, మిసిసిపీ కంపెనీ షేర్ల వెర్రిలో ఎందరో మునిగిపోతే తాను మాత్రం బాగా గడించి బయటపడినవాడు. 1730 ప్రాంతంలో వ్యాపారం గురించి ఒక పుస్తకం రాశాడు. 1734లో లండన్‌లో ఆయన ఇల్లు తగలబడింది, అప్పుడే ఆయనా పోయాడు. పుస్తకం 1755లో గానీ అచ్చు కాలేదు. అందులో ఆయన ముందుగా చెప్పింది కౌలు రైతు సంగతే. భూస్వామికి ఇంత ఇస్తానని మాటిచ్చి, పంట ఎంతొస్తుందో, ఏ ధర పలుకుతుందో తెలియకుండా పొలంలో దిగేవాడు. టోకు వర్తకులూ దుకాణదారులూ ఆ తర్వాతే. చివరికి బిచ్చగాళ్లనూ దొంగలనూ కూడా ఆ లెక్కలోనే వేశాడు. రేపటి రాబడి ఎంతో వాళ్లకూ తెలియదు కదా!

మీ తాత, అంటే మా నాయన, కౌలుకు చేసినవాడే. ఉగాదికి కౌలు డబ్బు కట్టేవాడు. నారు, కట్టెలు, మందులు, కోత కూలి, బండి బాడుగ, ఇవన్నీ ఖర్చయ్యాకే టమాటా మండీ చేరేది. వేలంలో నాయన తన బాక్సుల పక్కన తువ్వాలు భుజాన వేసుకుని నిలబడేవాడు. పాట క్షణాల్లో ముగిసిపోయేది. రేటు నచ్చలేదని ఇంటికి తీసుకుపోయే సరుకు కాదది. ఇప్పటికీ అంతే. 2023 జులైలో ఆకాశాన్నంటిన టమాటా ధర సెప్టెంబరుకల్లా నేలకు దిగింది. నాయనకు ఇంగ్లీషు ముక్క రాదు, కాంటిలాన్ చెప్పిన మనిషి మాత్రం అచ్చంగా ఆయనే.

నీకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. రాజునూ భూస్వాములనూ పక్కనపెట్టి మిగతా జనాన్ని కాంటిలాన్ రెండు జట్లు చేశాడు. జీతానికి ఉన్నవాళ్లు ఒక జట్టు, నిలకడ లేని రాబడి మీద బతికేవాళ్లు ఇంకో జట్టు. సేనాపతి అయినా సరే, జీతం తీసుకుంటే మొదటి జట్టే. ఉద్యోగం మానేసి నువ్వు రెండో జట్టులో చేరావు. నీ దగ్గర కొర్ర లడ్డూలు చుట్టే ఆడవాళ్లు మొదటి జట్టు. షాపువాడు బిల్లు ఆపాడని వాళ్ల జీతం ఆపావనుకో, నీ నష్టాన్ని వాళ్ల నెత్తిన రుద్దినట్టే. సరుకు బాగా అమ్ముడైన నెలలో లాభంలో వాటా ఇవ్వవు కదా, మరి అమ్ముడుపోని నెలలో నష్టంలో వాటా ఎందుకు? మూడు నెలల జీతాలు వేరే ఖాతాలో వేసి, దాని జోలికి పోకు. కొర్రలు తెచ్చిన రైతుకు సరుకు దిగిన రోజే డబ్బివ్వు.

ఇంగ్లీషువాళ్లు ‘ఆంత్రప్రెన్యూర్’ అనే మాటను ఆలస్యంగా అందుకున్నారు. 1776లో ఆడమ్ స్మిత్ ‘అండర్‌టేకర్’ అని రాశాడు. అది కూడా పూనుకున్నవాడనే. ఇప్పుడు ఇంగ్లీషులో ఆ మాట అంత్యక్రియలు జరిపించేవాడికి మిగిలింది. 1848లో జాన్ స్టువర్ట్ మిల్, ఆ అర్థానికి ఫ్రెంచివాళ్లకు ఉన్నంత చక్కని మాట ఇంగ్లీషు వాడుకలో లేదే అని విచారించాడు. 1911లో అర్థశాస్త్రవేత్త షుంపేటర్ ఇంకా కటువుగా తేల్చాడు. కొత్త సరుకో, కొత్త పద్ధతో, కొత్త మార్కెట్టో తెచ్చినంతకాలమే ఆంత్రప్రెన్యూర్ అనే పేరు. కంపెనీ నిలదొక్కుకుని అందరిలా నడుపుకోవడం మొదలుపెడితే పేరు పోయినట్టే. డబ్బు మునిగితే నష్టపోయేది పెట్టుబడి పెట్టినవాడే అని కూడా అన్నాడు. మీ నాన్న పీఎఫ్ డబ్బు నీ కంపెనీలో ఉంది కనక ఈ ముక్క మరిచిపోకు. నెలనెలా ఆయనకు లెక్క చూపించు, అడిగేదాకా ఆగకు.

ఇక తెలుగు మాట. మన పత్రికలు ‘పారిశ్రామికవేత్త’ అంటాయి. అది వింటే పెద్ద ఫ్యాక్టరీ, పొగగొట్టం గుర్తొస్తాయి. ముందు ‘ఔత్సాహిక’ తగిలిస్తే సరదాకి చేస్తున్నావేమో అనిపిస్తుంది. ‘వ్యవస్థాపకురాలు’ అని వేయించు. కంపెనీ పెట్టావు, అది జరిగిన పని, ఎవరూ కాదనలేరు. ఇంగ్లీషు వైపు ‘ఫౌండర్’ ఒక్కటే ఉంచి రెండో మాట తీసేయించు. ఆ మాట నీ గురించి ఇంకొకరు అనాలి గానీ నువ్వు అచ్చు వేయించుకునేది కాదు.

ఒకటో తారీఖున జీతాలు ఇచ్చాక నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామ