కీమన్ నమ్మాలంటే

పంజాగుట్టలో మెట్రో ఎక్కేటప్పుడు, సిగ్నళ్లన్నీ కంప్యూటరే చూసుకుంటోందని మనం ఆలోచించం కూడా. మామూలు రైలు పట్టాల మీద నడిచే కీమన్‌కి ఆ నిశ్చింత లేదు.

2022 మార్చి 4న వికారాబాద్ దారిలో, గుల్లగూడ–చిటిగిద్ద మధ్య కవచ్‌ని పరీక్షించారు. రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంజిన్‌లోనే ఉన్నారు. ఎదుటి ఇంజిన్ 380 మీటర్ల దూరంలో ఉండగా బండి దానంతటదే ఆగింది. నమ్మమన్న మనిషే ఎక్కి కూర్చోవడం నాకు నచ్చింది. కాకపోతే, పట్టా మీద వంగి పనిచేసే మనిషి కవచ్‌కి కనిపించడు!

అతని కోసం ‘రక్షక్’ ఉంది. బండి వస్తోందని వీహెచ్ఎఫ్ రేడియోతో హెచ్చరిస్తుంది. రెండుసార్లు ఉత్తినే మోగిందనుకోండి, మూడోసారి ఎవరు పక్కకి తప్పుకుంటారు? అందుకే కొన్నాళ్లు ఎర్రజెండా, కాపలా మనిషి ఉండగానే దాన్ని వాడి చూడాలి. ఉత్తుత్తి మోతల లెక్క కీమనే రాయాలి.