ఒకే చేనులో రెండు నేలలెందుకు?

సందేహాలు – సమాధానాలు

ఈసారి ఉత్తరాలన్నీ మర్రిగూడ, నాంపల్లి, చింతపల్లి మండలాల నుంచే వచ్చాయి. అడిగినవి వేరువేరు సంగతులే అయినా, దాదాపు అన్నిటికీ జవాబు ఒక్కచోటే మొదలవుతుంది: మీ చేను వాలులో ఎక్కడుంది? అందుకే మొదటి జవాబు కాస్త పొడుగ్గా రాశాను. మిగతావాళ్లు కూడా ముందు అది చదవండి.

*సార్, మా మూడెకరాలు ఒకటే సర్వే నంబరు. పైన ఎర్ర చెల్క, అండ్ల ఆముదం, కంది మంచిగనే వస్తయి. కింది ఎకరంల బోరు పెట్టి వరి నాటితే పదిహేను దినాలకే మాడిపోతుంది. ఎండితే నేల నల్లగ రాయి లెక్కయితది, వానొస్తే కాలు జారుతది. విత్తనం మార్చిన, మందులు మార్చిన. నేలకే ఏదో అయిందంటున్నరు. నిజమేనా?*
— ఒక రైతు, మర్రిగూడ

నిజమే, లోపం నేలలోనే ఉంది. అయితే మీ పైచెల్కా, కింది చౌడూ ఒకే రాయి నుంచి పుట్టాయి.

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు, నైసు రాయి. ఒక ముక్క పగలగొట్టి చూడండి. గాజులా మెరిసేది పలుగు, గులాబీ రంగుది ఫెల్‌స్పార్, నల్లటి చుక్కలు అభ్రకం, హార్న్‌బ్లెండ్. వేల ఏళ్ల ఎండకూ వానకూ పలుగు కరగలేదు, ఇసుకగా మిగిలింది. ఫెల్‌స్పార్ బంకమట్టి అయింది. నల్ల ఖనిజాల్లోని ఇనుము తుప్పుపట్టి చెల్కకు ఎరుపునిచ్చింది. రాయి నుంచి విడిపోయిన సున్నం, సోడియం మాత్రం వాననీటిలో కరిగి వాలు దిగిపోయాయి. సన్న బంకమట్టీ వాటి వెంటే పోయింది. వానలు దండిగా పడే సీమల్లో ఇవన్నీ ఏటిలో కలిసి సముద్రానికి చేరతాయి. మనకు ఏడాదికి పడేది సుమారు 700 మిల్లీమీటర్లు. ఆ నీళ్లు పల్లం దాకా వస్తాయి, అక్కడే ఆవిరైపోతాయి, తెచ్చిన ఉప్పులను అక్కడే వదిలేస్తాయి. అందుకే మిట్టన చెల్క, నడుమ దుబ్బ, పల్లాన రేగడి లేదా చౌడు. వాలు వెంట నేలలు ఇలా వరసగా మారే తీరును 1935లో తూర్పు ఆఫ్రికాలో జెఫ్రీ మిల్నే శాస్త్రీయంగా వివరించాడు. ఏ మడికి ఏ పంటో చెప్పగల మన ఊరి పెద్దలకు ఆ వరస చాలాకాలంగా తెలుసు.

మీరు చెప్పిన గుర్తులు కారుచౌడువి. పాలచౌడు అయితే నేలమీద తెల్లటి ఉప్పు పేరుతుంది, దాన్ని మంచినీళ్లతో కడిగితే చాలావరకు పోతుంది. కారుచౌడు అలా పోదు. దానిలో సోడియం బంకమట్టి రేణువులనే పట్టుకుని ఉంటుంది. ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యండి. గాజు గ్లాసులో వాననీళ్లు పోసి, ఆ మడిలోని ఎండిన చిన్న గడ్డను మెల్లగా వదలండి, కదపకండి. గడ్డ చుట్టూ పాలలాంటి మసక లేచి, మర్నాటికి కూడా నీళ్లు తేరకపోతే అది కారుచౌడని గట్టిగా అనుమానించవచ్చు. బోరు నీళ్లతో ఈ పరీక్ష చేయకండి, అందులోని లవణాల వల్ల ఫలితం తప్పుగా రావచ్చు. రూఢి చేసుకోవడానికి ప్రయోగశాల ఉండనే ఉంది: ఉదజని సూచిక 8.5 దాటడం, మార్చుకోదగ్గ సోడియం 15 శాతం మించడం కారుచౌడు లక్షణాలు.

మందు జిప్సం. అందులోని కాల్షియం బంకమట్టి దగ్గర సోడియం జాగాను ఆక్రమిస్తుంది. విడిపడ్డ సోడియం నీళ్లతో బయటికి పోవాలి. చాలామంది జిప్సం చల్లి అక్కడితో ఆగిపోతారు, ఫలితం రాలేదంటారు. నీళ్లు పోయే దారి లేని మడిలో జిప్సం వేయడం డబ్బు దండగ. ముందు కింది గట్టు పక్కన కాలువ తీయండి. మడిని చదును చేసి, పరీక్షలో చెప్పిన మోతాదు జిప్సంను పై నాలుగు అంగుళాల్లో కలిపి, వాననీళ్లు నిలగట్టి, వారం పది రోజుల తర్వాత తీసేయండి. ఆపై జీలుగ చల్లి పూతకు రాగానే కలియదున్నండి. బోరు నీళ్లనూ పరీక్షించండి. అందులో మిగులు సోడియం కార్బొనేటు లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే, మీరు కడిగిన చౌడును ఆ బోరే మళ్లీ తెచ్చిపెడుతుంది.

*మాది శివన్నగూడెం. సంఘంల ఉన్న ఆడోళ్లం బోరు కింద పాలకూర, టమాట పెట్టినం. డీఏపీ, యూరియా వల్లనే ఫ్లోరైడ్ వచ్చిందని ఒకాయన చెప్పిండు. మందులు బంద్ చేస్తే నీళ్లు బాగైతయా?*

లేదమ్మా, కావు. యూరియాలో ఫ్లోరైడ్ లేదు. భాస్వరం ఎరువుల్లో కొంత ఉంటుంది గానీ, మీ ఊరి నీటికి అది మూలం కాదు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు నమోదు చేసింది 1937లో. అప్పటికి మన పల్లెల్లోకి డీఏపీ రాలేదు.

మూలం మళ్లీ ఆ రాయే. నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్, అపటైట్ వంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి కిందికి దింపేస్తుంది. మన పొడినేలల్లో ఆ కాల్షియం నీటిలో నిలవదు, భూమిలోనే తెల్లటి సున్నపు గడ్డలై కూర్చుంటుంది. గుంత తవ్వినప్పుడు మీకు తగిలేవి అవే, కాస్త పొడిచేసి నిమ్మరసం పిండితే నురగ వస్తుంది. కాల్షియం పోగా మిగిలేది సోడియం నీరు, ఫ్లోరైడ్ దానిలో నిలకడగా ఉంటుంది. చేలను చౌడు చేసేదీ ఇలాంటి నీరే. ఎముకలనూ నేలనూ ఒకే నీరు దెబ్బతీసిన సీమ మనది. అందుకే వ్యవసాయ శాఖ, ఆరోగ్య శాఖ ఈ రెండింటినీ విడివిడిగా చూడటం సరికాదని నా గట్టి అభిప్రాయం. మీ ఊరి అంశల స్వామి ఫ్లోరోసిస్ బాధను ఒంటి మీద మోస్తూ దేశానికంతా చూపించి, 2023 జనవరిలో కన్నుమూశారు. ఆయన పోరాడింది ఈ నీటి గురించే.

కూరగాయల విషయానికొస్తే, ఎక్కువ ముప్పు తాగే నీళ్లతోనూ వండే నీళ్లతోనూ. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని మన ప్రమాణం. వేరే దారి లేనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. తాగేది మిషన్ భగీరథ నల్లా నీళ్లే అయినా పప్పు బోరు నీళ్లతో ఉడికిస్తే లాభం లేదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆకుకూరను మంచినీళ్లతో కడగండి, మట్టి అంటి ఉండకూడదు. మడి చౌడుగా ఉంటే పైన చెప్పిన జిప్సం పనికొస్తుంది. చౌడునేలలో నీటికి కరిగే ఫ్లోరైడ్‌ను కూడా జిప్సం తగ్గిస్తుంది. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న కేంద్ర చౌడునేలల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని గమనించారు.

*చెల్కల పత్తి పెట్టినంక పెద్ద వాన పడి, మర్నాడు ఎండ కొట్టింది. పైన అట్టకట్టి మొలక రాలేదు. రోటవేటర్‌తో మెత్తగనే దున్నించిన గదా?*
— నాంపల్లి

మెత్తగా దున్నించడమే చేటు చేసింది. చెల్కలోని బంకమట్టి రేగడిలా ఉబ్బదు, పగలదు. సేంద్రియ కర్బనం కూడా చాలా చేలల్లో అర శాతం లోపే. పిండి చేసిన మట్టిని వానచుక్కలు కొట్టి చదును చేస్తాయి, ఎండకు అది గట్టిపడుతుంది. దుక్కిలో పిడికెడు పెడ్డలు మిగలనివ్వండి. వాలుకు అడ్డంగా దున్ని, బోదెల మీద విత్తండి. అట్టకడితే రెండో రోజే దంతె తోలి పైపొర పగలగొట్టండి.

వచ్చే ఏటికి చేయాల్సింది వేరే ఉంది. పత్తికట్టె కాల్చకుండా ముక్కలు చేసి చేనులోనే వేయండి, సాళ్ల నడుమ కంది పెట్టండి, ఎండాకాలం గొర్రెల మంద పెట్టించండి. అట్టకట్టిన నేలలో నీరు ఇంకదు, మట్టిని మోసుకుని పారుతుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందం పోతే కంటికి ఆనదు, కానీ అది దాదాపు 6 టన్నుల పైమట్టి. అది మళ్లీ పుట్టడానికి మన ఒక జీవితకాలం చాలదు.

*చెరువు మట్టి ఎన్ని ట్రిప్పులు కొట్టాలి?*

ఎకరమంతా అంగుళం మందం పరచాలంటే సుమారు 100 ఘనపు మీటర్లు, అంటే మూడు ఘనపు మీటర్లు పట్టే ట్రాలీతో 34 ట్రిప్పులు. అంత భరించలేకపోతే చేనంతా పలచగా చల్లకండి, ఏటా ఒక మూలను బాగుచేసుకోండి. చెరువులో నీళ్లు వచ్చే వైపు దొరికేది ఇసుక. మీకు కావాల్సిన బంకమట్టి కట్ట దగ్గర, తూము వైపు ఉంటుంది. చెల్కకూ దుబ్బకూ అది బంగారం, రేగడికి వేయకండి. తోలించే ముందు గ్లాసు పరీక్ష తప్పకుండా చేయండి. చౌడు పల్లం పక్క చెరువైతే, కిరాయి పెట్టి చౌడునే మిట్టకు ఎక్కించుకున్నట్టవుతుంది.

*అల్వాల్ చింతల వెంకటరెడ్డి గారు లోపలి మట్టి తీసి పైన వేస్తారట. మేమూ చేయవచ్చా?*

2020లో పద్మశ్రీకి ఎంపికైన రైతు ఆయన. చెల్కలో పైపొర కంటే లోపలి పొరలో బంక ఎక్కువ, కాబట్టి కొంత పైకి తెస్తే తేమ నిలుస్తుంది. ముందు ఒక గుంటలో వేసి చూడండి. నత్రజని మాత్రం లోపలి మట్టితో రాదు, పెంట ఎరువు మానకండి. పల్లపు మడిలో ఈ పని వద్దు, సున్నపు గడ్డలూ సోడియం పైకి వస్తాయి.

*మట్టి నమూనా ఎట్ల తీయాలి? భూసార కార్డు వచ్చింది గానీ పొలానికి పొంతన లేదు.*
— చింతపల్లి

మిట్ట మట్టీ పల్లపు మట్టీ కలిపి ఇచ్చి ఉంటారు. ఆ కార్డు రెండింటికీ పనికిరాదు. ఎండాకాలంలో, ఎరువు వేయకముందు, మిట్టకు ఒకటి, పల్లానికి ఒకటి విడిగా తీయండి. ఒక్కోదానికి ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు గుంత తీసి, అంచు చెక్కి, అంతా కలిపి అరకిలో ఇవ్వండి. గట్ల పక్కన, పెంటకుప్ప దగ్గర, చెట్టు నీడన తీయకండి. గంధకం, బోరాన్, జింకు గడులు శ్రద్ధగా చూడండి. 2000 దశకం మొదట్లో ఇక్రిశాట్ నల్గొండ, మహబూబ్‌నగర్ రైతుల చేలల్లో పరీక్షించినప్పుడు ఈ మూడింటి లోపం విస్తారంగా కనబడింది. కార్డులోని 12 అంశాల్లో సోడియం లేదు. పల్లం నమూనాకు మార్చుకోదగ్గ సోడియం శాతం, జిప్సం మోతాదు విడిగా అడగండి. బోరు నీళ్లు కూడా ఒక లీటరు శుభ్రమైన సీసాలో పట్టి దాంతోపాటే ఇవ్వండి.