బెంచ్ మీద మౌనం

సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోను సిమ్ము, డ్రైవింగ్ లైసెన్సు ఏదోలా అయిపోతాయి. ముందొచ్చిన రూమ్మేటును అడగండి. ప్రెషర్ కుక్కరు మోసుకెళ్లాలా వద్దా అని హన్మకొండ నుంచి డాలస్ దాకా జరిగే చర్చలో పదోవంతు, కంపెనీ పెట్టించుకునే సంతకాల మీద జరిగితే ఇది రాసే పనే ఉండేది కాదు. ఏటా కొత్తవాళ్లు వస్తున్నారు, ఏటా అక్కడే బోల్తా పడుతున్నారు.

అమెరికాలో చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. సగం రోజులు గడిచేసరికి ఇంటి మీద తెచ్చిన అప్పు గుర్తొస్తుంది, సరిగ్గా అప్పుడే కన్సల్టెన్సీ ఫోను మోగుతుంది. రెజ్యూమేలో నాలుగేళ్ల అనుభవం వాళ్లే రాస్తారు, హెచ్-1బి కూడా వేస్తామంటారు. వీసా వస్తుంది, ప్రాజెక్టు వస్తుంది, ఒకరోజు ప్రాజెక్టు అయిపోతుంది. ‘మార్కెట్ బాలేదు, కొన్నాళ్లు బెంచ్ మీద ఉండు, జీతం తర్వాత చూద్దాం’ అంటాడు యజమాని. ఆ మాట మర్యాదగా చెప్పినా చట్టవిరుద్ధమే. ఎల్‌సీఏ అనే కాగితంలో ఇంత జీతం ఇస్తానని అతను ప్రభుత్వానికి రాసిచ్చాడు. పని చూపించలేకపోవడం అతని సమస్య, జీతం ఆపడానికి కారణం కాదు. సెలవు మీరే కోరితే మాత్రం ఇవ్వనక్కర్లేదు. అందుకే ‘వ్యక్తిగత కారణాలతో సెలవు’ అన్న కాగితం మీ ముందుకొస్తుంది. దాని మీద సంతకం పెట్టకండి. ఇంకోసారి చెబుతున్నా, పెట్టకండి. ఎల్‌సీఏ నకలు పనిలో చేరేనాటికి మీ చేతికి రావాలి. హెచ్-1బి పిటిషన్ ఖర్చూ, దాని లాయరు ఫీజూ కంపెనీవే. ఇవేవీ అడగనివాళ్లు అద్దె ఇంట్లో కార్పెట్ మరకకు డిపాజిట్ కోస్తే మాత్రం ఇంటి ఓనరుకు పేజీలకు పేజీలు మెయిల్ రాస్తారు!

నోరు మెదపకపోతే వీసా అయినా నిలుస్తుందని అందరి లెక్క. ఆ లెక్క తప్పు. రేపు మరో కంపెనీ మీకు పిటిషన్ వేస్తే ముందుగా అడిగేది ఇటీవలి పేస్టబ్‌లు, అంటే జీతం చీటీలు. జీతంలేని నెలలకు పేస్టబ్ ఉండదు. అంటే మీరు స్టేటస్‌లో ఉన్నట్టు రుజువూ ఉండదు. కాపాడుతుందనుకున్న మౌనమే నెలనెలా వీసాను కొరుక్కు తింటుంది. ఇది అర్థమైన కొందరు ఇంకా పెద్ద తప్పు చేస్తారు: సొంత డబ్బు కంపెనీకిచ్చి పేరోల్ ‘రన్’ చేయించుకుంటారు. తమ జీతం తామే ఇచ్చుకుని, పైన పన్ను కూడా కట్టుకుంటారు. ఏ చట్టమూ దీన్ని జీతమనదు.

‘ఫిర్యాదు చేస్తే వీసా వెనక్కి తీసుకుంటాడు కదా’ అన్న భయం ఉత్తదేమీ కాదు. కానీ ఫిర్యాదు చేయకపోయినా ఆ పని అతను ఎప్పుడైనా చేయగలడు. ఉద్యోగం పోతే, దేశంలో ఉండనిచ్చే ఐ-94 గడువు అంతకుముందే ముగియకపోతే, 60 రోజుల దాకా వ్యవధి ఉంటుంది. 2017 నుంచి ఉన్న నియమం ఇది. కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్-4 ఫారం పంపిన ఉద్యోగి మీద కక్ష తీర్చుకోవడం నేరుగా నిషిద్ధం. స్టేటస్ తెగిపోయినా ఆ ఫిర్యాదును ప్రత్యేక పరిస్థితిగా ఇమిగ్రేషన్ శాఖ పరిగణించే వీలుంది. హామీ కాదు, వీలు మాత్రమే. మౌనానికి అదీ లేదు. మధ్యలో మానేస్తే ఇన్ని వేల డాలర్లు కట్టాలన్న బాండు సంగతీ ఉంది. జరిమానా వసూలు చట్టం ఒప్పుకోదు, నిజమైన నష్టపరిహారాన్ని ఒప్పుకుంటుంది. మీ బాండు ఈ రెంటిలో ఏదో తేల్చాల్సింది మీరు డబ్బిచ్చి పెట్టుకున్న లాయరు, కంపెనీ లాయరు కాదు.

‘మనమేం గల్ఫ్ కూలీలమా’ అన్న గర్వం ఒకటి. కాంట్రాక్టు మధ్యలో కంపెనీ మారాలంటే ఖతర్‌లో మన జగిత్యాల మేస్త్రీకి 2020 దాకా యజమాని ఎన్‌ఓసీ కావాల్సి వచ్చేది. హెచ్-1బి ఉద్యోగికి అమెరికా చట్టం 2000లోనే ఆ ముడి విప్పింది: కొత్త కంపెనీ పిటిషన్ అందగానే పనిలో చేరవచ్చు. విప్పిన ముడిని మళ్లీ బిగించేది మొదట రెజ్యూమేలో ఒప్పుకున్న అబద్ధం. దొంగ అనుభవం మీ పేరున, మీ సంతకంతో ఫైల్లో కూర్చుంది కాబట్టి, జీతం ఎగ్గొట్టినవాడి మీద ఫిర్యాదుకు చెయ్యి రాదు. యజమాని చేతిలో వీసాకన్నా గట్టి పగ్గం అదే. అందరూ పెడుతున్నారు, పెట్టకపోతే ఇంటర్వ్యూ రాదంటారు. నిజమే, ఆలస్యమవుతుంది, 90 రోజులు చాలకపోవచ్చు కూడా. అయినా వెనక్కి వెళ్తే అప్పు మిగులుతుంది, వీసా కోసం అబద్ధమాడారని తేలితే అమెరికా గుమ్మం జీవితాంతం మూసుకుపోవచ్చు. ‘మనవాళ్లే కదా, మోసం చేస్తారా’ అనేవాళ్లు 2019 నాటి ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసు గుర్తు చేసుకోవాలి. ఆ యూనివర్సిటీ అమెరికా ప్రభుత్వం పన్నిన వల. అందులోకి పిల్లల్ని చేర్పించిన దళారుల్లో తెలుగువాళ్లున్నారు, పట్టుబడిన పిల్లల్లోనూ ఉన్నారు.

వీటన్నిటి బరువు తెలిసేది ఇంటికి పోవాలనిపించినప్పుడు. పద్మాక్షి గుట్ట కింద సద్దుల బతుకమ్మ ఆడుతుంటే ఇక్కడ తంగేడు లేని బతుకమ్మను పార్కింగ్ లాట్‌లో పెట్టుకుని వీడియో కాల్లో చూడటం దూరం వల్లే కాదు. వీసా స్టాంపింగ్‌కు వెళ్తే హైదరాబాద్ కాన్సులేట్‌లో పేస్టబ్‌లు అడిగితే ఏం చూపాలన్న భయం. అమ్మ ఆస్పత్రిలో ఉన్నా టికెట్ కొనలేని కొడుకులు, కూతుళ్లు ఈ ఊళ్లలో ఉన్నారు. ‘లీవ్ దొరకలేదమ్మా’ అంటారు.

కాబట్టి పిటిషన్ ఆమోదించినట్టు వచ్చే ఐ-797, ఎల్‌సీఏ, ఆఫర్ లెటర్, ప్రతి పేస్టబ్, బెంచ్ మీద ఉండమన్న ప్రతి మెసేజీ కంపెనీ ల్యాప్‌టాప్‌లో కాక సొంత మెయిల్లో దాచుకోండి. ఫోన్లో చెప్పిన మాటను ‘మీరు ఇలా అన్నారు’ అని ఆ రోజే మెయిల్ చేయండి. డబ్ల్యూహెచ్-4 ఫిర్యాదుకు ఉల్లంఘన జరిగిననాటి నుంచి 12 నెలలే గడువు. ‘వచ్చే నెల ఇస్తా’ అన్న మాట మీద ఆ 12 నెలలూ కరిగించకండి.