ఫ్లాప్ ఆపరేషన్: రోగి హక్కులు, గడువులు

పత్తికొండ నుంచి కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకో, ప్రైవేటు ఆసుపత్రికో వెళ్లే రోగుల కోసం ఈ జవాబులు. ఇక్కడ "ఫ్లాప్" అంటే ముఖం మీదో పుర్రె మీదో ఏర్పడిన లోటును పూడ్చడానికి రక్తనాళాలతో సహా తెచ్చే కండరం.

1. తొడ చర్మం అతికిస్తే సరిపోదా?
పుర్రె ఎముక మీది పొర కూడా పోతే సరిపోదు. రక్తం అందని చోట చర్మం అంటుకోదు. అప్పుడు కణత కండరాన్ని తిప్పుతారు. నోటి క్యాన్సర్‌లో చెంప తీసేస్తే ఛాతీ కండరాన్ని మెడ మీదుగా తెస్తారు.

2. సమ్మతి పత్రంలో ఏముండాలి?
సమీరా కోహ్లి కేసులో (2008) సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం చికిత్స స్వరూపం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు, వద్దంటే కలిగే నష్టం వైద్యులు ముందే వివరించాలి. ఫ్లాప్‌లో గాయాలు రెండు: పూడ్చే చోటు, కండరం తీసే చోటు. రెండింటికీ సమ్మతి అడగండి. నేను చూసిన కొన్ని పత్రాల్లో ఆపరేషన్ పేరు రాయాల్సిన గడి ఖాళీ. కింద వేలిముద్ర మాత్రం స్పష్టంగా ఉంది. అలాంటి కాగితం మీద వేలిముద్ర వేయకండి. ప్రాణాపాయంలో, ఆలస్యం చేయలేని స్థితిలో మాత్రం సమ్మతి లేకుండానే చికిత్స చేయవచ్చు.

3. రికార్డులు ఎప్పుడిస్తారు?
రోగి లేదా రోగి అధికారమిచ్చిన వ్యక్తి అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి.

4. యాసిడ్ దాడి బాధితులు డబ్బు కట్టాలా?
అక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటుదైనా వెంటనే ఉచితంగా చికిత్స చేసి పోలీసులకు తెలపాలి (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 397). పరిహారానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి.

5. ఫ్లాప్ చెడిపోతే కేసు వేయవచ్చా?
చెడిపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. అయితే రక్తనాళం మూసుకుపోయే ముప్పు తొలి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువ. ఫ్లాప్ నల్లబడినా చల్లబడినా ఎవరికి, ఎన్ని గంటలకు చెప్పారో రాసిపెట్టుకోండి. కేసులో ఆ చీటీయే పనికొస్తుంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. అందరికీ పూర్తి ఉచితంగా చికిత్స చేసే ఆసుపత్రి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదు.

6. రోడ్డు ప్రమాదంలో ముఖం దెబ్బతింటే?
మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద, ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. రెండో విడత ఆపరేషన్ అయ్యాక చూద్దామని ఆగకండి.