బహుళ అంతస్తుల భవనాలు – పాలమూరు చేతులు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నుండి హైదరాబాదు వెళ్లే బస్సులలో పుస్తకాల సంచి పట్టిన విద్యార్థి పక్కనే తాపీ, తట్ట మూటగట్టుకున్న కూలీ కూడ కూర్చుంటాడు. నగరానికి పడమట కోకాపేట, నానక్‌రాంగూడ వైపు లేచిన నివాస భవనాలను ఇద్దరూ తలలెత్తి చూస్తారు. వాటి నిర్మాణ విధానాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఎత్తైన కట్టడం మనకు కొత్త కాదు. 1591 నాటి చార్మినారు ఎత్తు సుమారు 56 మీటర్లు. అయితే బరువును గోడలే మోసే పద్ధతిలో ఎత్తు పెరిగిన కొద్దీ క్రింది గోడల మందమూ పెరగాలి; నివాసానికి చోటు తరిగిపోతుంది. ఈ చిక్కును లోహపు చట్రం విప్పింది. 1885లో చికాగోలో పూర్తియైన పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనం ఇందుకు తొలి ఉదాహరణలలో ఒకటి. అంతకు పూర్వమే ఎలిషా ఓటిస్ త్రాడు తెగినా క్రిందపడని లిఫ్టును రూపొందించాడు. చట్రమూ లిఫ్టూ కలిసి మనిషిని ఆకాశానికి చేర్చాయి.

హైదరాబాదు నేలలోని గ్రానైటు రాయి పునాదికి గట్టి ఆధారం. 2006 మార్చిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 86వ నంబరు ఉత్తర్వు ద్వారా స్థల విస్తీర్ణాన్ని బట్టి అంతస్తుల వైశాల్యానికి ఉన్న పరిమితిని తొలగించి, రోడ్డు వెడల్పు, చుట్టూ విడిచే ఖాళీ స్థలాలే ఎత్తును నిర్ణయించేటట్లు చేసింది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం ధర నూరు కోట్లు దాటింది. నేల ప్రియమైనప్పుడు కట్టడం పైకి పోక తప్పదు.

కాని ప్రణాళిక అంటే ఎత్తు మాత్రమే కాదు. 500 ఇళ్ల భవనంలో ఇంటికి ఐదుగురు చొప్పున, మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన 3,37,500 లీటర్ల నీరు కావాలి. మురుగు పోవాలి, అగ్నిమాపక వాహనం తిరగాలి.

ఇక కట్టేవారి సంగతి. వానలు మొగం చాటేసిన యేళ్లలో గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పుచ్చుకుని వలసపోయిన పాలమూరు కూలీలు దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు చెమటోడ్చారు. నగరపు సెంట్రింగు, కాంక్రీటు పనులలోనూ వారి చేయి ఉన్నది. 1996లో కేంద్రం చేసిన చట్టాలు నిర్మాణ వ్యయంపై సెస్సు విధించి, ఏడాదిలో 90 రోజులు పనిచేసిన కార్మికునికి సంక్షేమ మండలిలో నమోదయ్యే హక్కు కల్పించాయి. ఈ సంగతి తెలియక, దరఖాస్తు నింపలేక, హక్కు పోగొట్టుకుంటున్నవారు మన వీధులలోనే ఉన్నారు.

విద్యార్థులారా! తెలుగు 'పునాది', ఉర్దూ 'బునియాద్' ఒకే మూలం నుండి వచ్చిన మాటలు. పునాది మట్టిలో దాగి ఉంటుంది. అయినా భవనం నిలిచేది దాని మీదనే. ఈ సెలవులలో మీ వీధిలోని ఒక్క కార్మికునికైనా ఆ దరఖాస్తు నింపి ఇవ్వండి. మీ చదువు ఆ ఇంటికి పునాది కాగలదని మా విశ్వాసం.